ఆయిల్ పెయింటింగు బావ

పొద్దున్నే పెరట్లో పళ్ళు తోముకుంటూ ఉంటే మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి కబురు చెప్పింది.

"ఒరే, గోడకి రంగేయించిన బాబు పోయినాడటరా. గుండె ఆగిపోనాదట. మారాజు!"

ఆయనకు గుండె ఉండేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. నోటి నిండా నురగ ఉంది కాబట్టి ఆ మాట బయటికి రాలేదు. తుపుక్కున ఉమ్మాను.

"పోయినోడి కబురు సెప్తే అలగ ఉమ్ముతావేటిరా?"

"పళ్ళు తోముకుంటన్నానే అమ్మా."

"తోముకో. ఎవులొద్దన్నారు? అంత ఇసురుగా ఉమ్మక్కర్నేదు," అని చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ మనిషి కోసం మా అమ్మ ఏడవడం చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. పేరు మాత్రం రాయను. తన పేరు ఎక్కడ అచ్చులో కనబడినా కత్తిరించి పర్సులో దాచుకునే గుణం ఆయనది. పోయాక కూడా ఆ సంతోషం దక్కనివ్వను. "ఆయన" అంటున్నది గౌరవం కొద్దీ అనుకునేరు. నేను మామూలుగా అనే మాట కాగితం మీద బాగుండదు, అంతే.

ఆయన పని ఫోటో స్టూడియోలకు బ్యాక్‌గ్రౌండ్లు అమ్మడం. వెనకటి రోజుల్లో స్టూడియో గోడకు బట్ట తెర కట్టి ఉండేది. దాని మీద ఒక తోట, నాలుగు మెట్లు, ఒక చందమామ. కంప్యూటర్లు వచ్చాక ఆ తెరలు అటకెక్కాయి. మనిషిని నీలం గుడ్డ ముందు నిలబెట్టి ఫోటో తియ్యడం, కంప్యూటర్లో ఆ నీలాన్ని చెరిపేసి వెనకాల కావలసిన బొమ్మ అతికించడం. ఆ బొమ్మలు డీవీడీల్లో వచ్చేవి. ఎక్కడో తయారయ్యే ఆ డీవీడీలను నల్ల బ్యాగులో వేసుకుని, ఎస్.కోట నుంచి ఇచ్ఛాపురం దాకా మోటారు సైకిలు మీద తిరిగి అమ్మేవాడాయన. రెండు జిల్లాల్లో ఎవరి వెనకాల ఏ జలపాతం దూకాలో, ఎవరి పక్కన ఏ హంస ఈదాలో నిర్ణయించే అధికారం ఆయన బ్యాగులో ఉండేది.

నా స్టూడియో ఎస్.కోటలో, బస్టాండు ఎదురు సందులో. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరం భరించలేక విడిపోయాక నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే. ఆ సందులోకి ఆయన రావడం ముందు చెవికి తెలిసేది. ఎవరు కనబడినా "బావా" అని కేకేసేవాడు. నాకూ బావే, పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసేవాడికీ బావే. ఒకసారి సందుకు అడ్డంగా పడుకున్న ఆవుని కూడా "జరుగు బావా" అన్నాడు. అది ఆడదని కూడా చూడలేదు. ఆవు లేచి జరిగింది. అలాంటి గొంతు.

లోపలికొచ్చి బల్ల మీద కూర్చోడు. ఫోటోలకు కస్టమర్లను కూర్చోబెట్టే కుర్చీ ఉంటుందే, దాని మీద, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. కస్టమర్ల కోసం అద్దం దగ్గర పెట్టిన దువ్వెన తీసుకుని కనుబొమలు దువ్వుకునేవాడు. మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిని, నూనె చేతులు నా నీలం గుడ్డకి తుడిచేవాడు. ఒకసారి అడిగాను.

"బావా, ఆ గుడ్డ ఫోటోలకి."

"తెలుసు బావా. ఎలాగూ కంప్యూటర్లో సెరిపేస్తావు గదా!"

ఇలాంటి జవాబులకు ఆయన దగ్గర లోటు లేదు. నా చేతిలోని మౌసు అడక్కుండా లాక్కునేవాడు. నేను ఏ బొమ్మ పెట్టినా "పాతబడిపోనాది బావా" అనేవాడు. ఆయన తెచ్చినది మాత్రం "ఇప్పుడిదే రన్నింగు".

"అంత రన్నింగయితే మన కస్టమర్లు దాని ముందు నిలబడేదెలగ బావా?" అన్నానొకసారి.

ఆయన నవ్వలేదు. వేరేవాళ్ళ జోకుకు ఆయన ఎప్పుడూ నవ్వడు. కళ్ళు సగం మూసి శ్రద్ధగా వింటాడు. అంతే. రెండ్రోజుల తరవాత గజపతినగరంలో ఒక స్టూడియోవాడు ఆ జోకునే నాకు చెప్పి పడీపడీ నవ్వాడు. "ఎవులు సెప్పినారు?" అంటే, "ఇంకెవులు, మన బావే. ఏటి మాటకారోడు!" అన్నాడు. నా జోకులు నాకంటే ముందు బస్సెక్కి ఊళ్ళు తిరిగేవి. జోకులెత్తుకుపోయే మనిషి జోకులతో ఆగడని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఆయన డీవీడీలు కొనడం నేనెందుకు మానేశానో చెప్పాలి. మా వైపు పెళ్ళి సంబంధం మొదలయ్యేది ఫోటోతోనే. పిల్ల ఫోటో ముందు మధ్యవర్తి సంచిలో ఎక్కుతుంది, తరవాత పిల్లాడి తల్లి చేతికెళ్తుంది. ఒక మాఘమాసంలో అలాంటి మధ్యవర్తి ఒకాయన నా షాపులోకి గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. సంచిలోంచి నలుగురు పిల్లల ఫోటోలు తీసి బల్ల మీద పరిచాడు. రెండు నేను తీసినవి. మిగిలిన రెండూ పక్క ఊళ్ళవి. నలుగురూ ఒకే తెల్ల స్తంభం పక్కన, ఒకే గులాబీల కుండీ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. వెనకాల ఒకే మేడ.

"ఏటండీ ఇది? ఈ ఫోటోలు అట్టుకెల్తే పిల్లాడి తల్లి ఏటన్నాదో తెలుసా?"

"ఏటన్నాది?"

"పిల్లలందరూ ఒకే ఇంటోళ్ళేటి అన్నాది. కాదమ్మా అని సెప్తే, ఇంక పిల్లలొద్దు బాబూ, ఆ మేడెవులిదో కనుక్కో, ఆ మేడ గల పిల్లనే సేసుకుంతాం అన్నాది!"

నేను నవ్వాను. ఆయన గొడుగు బల్ల మీద కొట్టాడు. నవ్వు ఆగింది. ఆ సంబంధాలు నాలుగూ తప్పిపోయాయని ఆయన చెప్పాక నవ్వు పూర్తిగా పోయింది. మేడ కోసం అడిగిన ఆవిడకు ఆ మేడ మన దేశంలోనే లేదని ఎవరు చెప్తారు?

అప్పుడనుకున్నాను. కొనడం ఆపేద్దాం, మనమే చేద్దాం. మేడలూ హంసలూ వద్దు. పాత రోజుల్లో జమీందార్ల బొమ్మలు చూడండి. వెనకాల ఏమీ ఉండదు. ఏదో మసక, ఏదో మట్టిరంగు, మధ్యలో కాస్త వెలుగు. ఆ వెలుగులో మొహం. చూసేవాళ్ళ కన్ను ఇంకెక్కడికీ పోదు. అలాంటిది కావాలి.

కంప్యూటర్లో ఉన్న కుంచెలతో గీసి చూశాను. తారు డబ్బా ఒలికినట్టు వచ్చింది. ఉత్తినే రంగు పోసి మసక చేస్తే పొగ పట్టిన కిటికీలా వచ్చింది. చేత్తో వేసినట్టు రావడం లేదు. ఒకరోజు మా ఇంటి వెనక గోడ మీద నా కన్ను పడింది. కొండల మీంచి వచ్చే వాన నేరుగా ఆ గోడకే తగులుతుంది. ఎన్నో ఏళ్ళ సున్నం, సున్నం కింద పాత నీలిమందు, చెమ్మకు పుట్టిన పాచి. వీటన్నిటి మీద మా అమ్మ రోజూ కొట్టే పిడకల మచ్చలు. ఎండిన పిడక ఊడదీస్తే మిగిలే ఆ గోధుమ రంగు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి పడి, ఎక్కడ ఏది మొదలైందో తెలియకుండా కలిసిపోయాయి. అలాంటి రంగు డబ్బాల్లో దొరకదు.

కెమెరా తెచ్చి పొద్దుటి వెలుగులో తీశాను. కంప్యూటర్లో పెట్టి మసక చేశాను. పొందూరు ఖద్దరు ఉత్తరీయం ఒకటి ఉంటే దాన్ని స్కాన్ చేసి, ఆ నేత పల్చగా పైన పరిచాను. గోడ కాస్తా చిత్రకారుడి గుడ్డలా తయారైంది. మధ్యలో మొహం వచ్చేచోట కొద్దిగా వెలుగు పోసి, మూలలు చీకటి చేశాను. ఎండు కుంచె గీతలు అక్కడక్కడా. ఒక్క చోట మాత్రం నేను చెయ్యి పెట్టలేదు. పిడకలు కొట్టడం అయ్యాక మా అమ్మ అరచేతికి మిగిలిన పేడను గోడ పైమూల ఒక్క చరుపు చరిచి వదిలించుకునేది. రోజూ అదే చోట. ఆ చెయ్యి గుర్తు గోడలో ఊరిపోయింది. చిన్నప్పుడు రోకలి కింద పడి ఆవిడ చిటికెన వేలు వంకరపోయింది. గుర్తులో కూడా ఆ వేలు మిగతావాటితో మాట్లాడడం మానేసినట్టు పక్కకి తిరిగి ఉంటుంది. దాన్ని చెరపబుద్ధి కాలేదు. మసకలో అది ఎండుటాకులా, ఎవరో గొప్పవాడు ఒక్క ఊపున వేసిన కుంచె దెబ్బలా కనబడింది.

ఆ గోడ నుంచే రకరకాలుగా బోలెడు బ్యాక్‌గ్రౌండ్లు చేశాను. మొదట వాటి ముందు నిలబడ్డ పిల్ల ఫోటో చూసి, గొడుగాయన గొడుగు చంకలో పెట్టి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇది పిల్లండీ!" అన్నాడు. అదివరకు తీసినవి పిల్లలు కాదన్నట్టు. ఊళ్ళోవాళ్ళు "ఆకు బాగా ఏసినారు" అనేవాళ్ళు. నేను "ఆఁ, కష్టపడ్డాం" అనేవాణ్ణి. పేడ అని ఎవరికి చెప్తాం? ఎస్.కోట చుట్టుపక్కల పెళ్ళిపిల్లలందరూ నా దగ్గరికే రావడం మొదలైంది. ఇంకెక్కడా లేనిది నా దగ్గర ఉంది. చదువుకోనివాడికి అది చిన్న విషయం కాదు.

ఆయన వచ్చాడు. కుర్చీలో కూర్చోబోతూ గోడ మీది ఫోటో చూసి ఆగిపోయాడు. నాకు తెలిసి ఆయన కూర్చోవడం మరిచిపోయింది ఆ ఒక్కసారే.

"ఇదెక్కడ కొన్నావు బావా?"

"కొన్నేదు. నానే సేసినాను."

"నువ్వా?"

"నానే."

"ఎనిమిదో క్లాసోడివి!"

"తొమ్మిదిలో నేర్పుతారేటి బావా ఇది?"

నవ్వలేదు. దువ్వెన తీసుకోలేదు. బజ్జీలు అడగలేదు. కళ్ళు సగం మూసి ఆ ఫోటోనే చూశాడు, జోకు వింటున్నట్టు.

మళ్ళీ వచ్చినప్పుడు చేతిలో పెన్‌డ్రైవు. "కొత్త తెలుగు అచ్చరాలొచ్చినాయి బావా. శుభలేఖలకి. నీకు ఊరికినే ఎక్కిత్తాను. ఎల్లి టీ పట్రా." నా షాపులో నన్నే టీకి పంపగలిగిన మనిషి ఆయన ఒక్కడే. వెళ్ళాను. అల్లం వేయించి మరీ తెచ్చాను.

తరవాత కొన్నాళ్ళకి అమ్మకు చీర కొనడానికి పొందూరు వెళ్ళాను. బజార్లో ఒక స్టూడియో అద్దాల వెనక కొత్త దంపతుల ఫోటో, ఫ్రేము కట్టి ఉంది. పెళ్ళికూతురి చెవి పక్కన మా అమ్మ చెయ్యి. వంకర చిటికెన వేలుతో సహా.

ఊరు కాని ఊళ్ళో, ఎవరో తెలియని పిల్ల చెవి పక్కన మన తల్లి చెయ్యి కనబడితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. లోపలికెళ్ళి ఆ బ్యాక్‌గ్రౌండు ఎక్కడిదని అడిగాను. స్టూడియో కుర్రాడు గర్వంగా డీవీడీ తీసి చూపించాడు. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు: ఆయిల్ పెయింటింగ్ కలెక్షన్.

"మన బావ తెచ్చినాడండి. హైదరాబాదులో పెద్ద ఆర్టిస్టు సేత ఏయించినారంట. ఆ ఆకు సూడండి, అదొక్కటి ఎయ్యడానికే వారం పట్టినాదట!"

డీవీడీలో ఏమున్నాయో అంతా చూశాను. నా కంప్యూటర్లో ఉన్నవాటిలో సగమే ఉన్నాయి. నాకు నచ్చక మూల పడేసినవి ఒక్కటీ లేవు. నేను బాగున్నాయనుకున్నవి ఒక్కటీ వదల్లేదు. నా పనిలో ఏది మంచిదో, ఏది కాదో సరిగ్గా పోల్చుకున్న మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే దొరికాడు నాకు. ఆ కోపం కూడా ఇంకా తగ్గలేదు.

విజయనగరంలో మా ఫోటోగ్రాఫర్ల సంఘం సమావేశంలో లేచి నిలబడి చెప్పేశాను. ఆయన ముందు వరసలోనే ఉన్నాడు. వెనక్కి తిరిగి ప్రేమగా చూశాడు.

"మన బావ కట్టపడీ మనిషే, కాదన్ను. కానీ అది నీదని ఏటి బావా రుజువు?"

"నా కంప్యూటర్లో ఉన్నాయి."

"నా కంప్యూటర్లోనూ ఉన్నాయి."

"తారీకులు సూడండి."

"కంప్యూటర్లో తారీకు మార్సడం ఇక్కడ ఎవులికి రాదు బావా? పాత పెళ్ళి కేసెట్ల మీద మనమందరం సేసీదే గదా!" అందరూ నవ్వారు. ఆ జోకు ఒకప్పుడు నేను ఆయనతో అన్నదే. నవ్వించడంలో కూడా నన్ను నాతోనే కొట్టాడు. పొరలు పొరలుగా ఉన్న అసలు ఫైళ్ళు ఉంటే మాట వేరు. నా డొక్కు కంప్యూటరు బరువు మొయ్యలేదని పొరలన్నీ కలిపేసి, గోడకి తీసిన అసలు ఫోటోలు చెరిపేశాను.

నా నోరు ఆగదు కదా. "అది మా ఇంటి గోడ! ఆదివారం రండి, గోడ సూపిస్తాను. ఫోటో పక్కన పెట్టి సూసుకోండి," అన్నాను. పిడకల సంగతి చెప్పలేదు. గోడ అన్నాను, అంతే. ప్రెసిడెంటు గారు "సరే, ఆదివారం వస్తాం" అన్నారు. ఆయన చేతులు కట్టుకుని, "తప్పకుండా రావాల," అన్నాడు.

మధ్యలో నాకు రాజాంలో ఒక పెళ్ళి ఫోటోల పని. శ్రావణమాసం, వదులుకోలేను. ఆదివారం పొద్దున్న పెళ్ళిలోంచి నేరుగా విజయనగరం వెళ్ళి, సంఘం పెద్దలను వాళ్ళ కారులోనే వెంటబెట్టుకుని ఇంటికొచ్చాను. ఆయన అప్పటికే మా అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగుతున్నాడు.

మా అమ్మ జరీ చీర కట్టుకుంది. ఇంట్లోంచి బూరెల వాసన. "రండి బాబూ, రండి" అంటూ అందరికీ నీళ్ళిచ్చింది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నేను అందరినీ దాటుకుని పెరట్లోకి పరిగెత్తాను.

గోడ గులాబీ రంగులో ఉంది. పీచుమిఠాయి గులాబీ. రెండు పూతలు. ఇంకా తడిగానే ఉంది.

"ఎవులేసినారే ఇది?"

"ఆ బాబే ఏయించినాడు! పెద్దోళ్ళంతా ఇంటికొస్తన్నారు, నీ కొడుక్కి సన్మానం సేస్తారు, ఈ పిడకల గోడ సూస్తే పరువేటుంతాది అత్తా అని, మడిసిని పెట్టి ఏయించినాడు. నాను వొద్దన్నా ఇన్నేదు. కడుపున పుట్టినోడివి, నీకు తోచిందేటిరా ఎప్పుడైనా?"

అత్తా అన్నాడట. నాకు బావ కదా మరి, వరస కలిసింది.

పెద్దలందరూ పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. ప్రెసిడెంటు గారు చేతిలోని ఫోటో చూశారు, గులాబీ గోడ చూశారు, నన్ను చూశారు. నాకు ఒకే ఒక్క దారి కనబడింది. అమ్మ చెయ్యి. ఆ వంకర వేలు. కొత్త గోడ మీద ఒక్క చరుపు చరిస్తే చాలు, ఫోటో పక్కన పెట్టి ఎవరైనా పోల్చుకోవచ్చు.

"అమ్మా, కాస్త పేడ తీసుకుని ఆ మూల ఒక్క దెబ్బ కొట్టే," అన్నాను చిన్నగా.

"ఏటి?"

"ఎప్పుడూ కొట్టినట్టే. ఒక్క దెబ్బ."

"జరీ సీర కట్టుకుని, వొచ్చినోళ్ళ ముందు, కొత్త గోడకి పేడ కొట్టాలేటిరా? సచ్చినోడా, మతి గాని పోయిందేటి?"

అప్పుడు ఆయన అంబలి గ్లాసు గట్టు మీద పెట్టి నా దగ్గరికొచ్చాడు. భుజం మీద చెయ్యి వేసి చెవిలో చెప్పాడు. చాలా నెమ్మదిగా, అయినవాడిలా.

"బావా, నువ్వే గెలుసుకో. నాను తప్పుకుంతాను. కానీ గెలిసేవనుకో, రెండు జిల్లాల్లో పెళ్ళికూతుళ్ళందర్నీ పేడ గోడ ముందు నిలబెట్టినోడివి నువ్వవుతావు. నాను ఆర్టిస్టు దగ్గర కొన్నానంటాను, నాకు తెల్దంటాను. నువ్వేటంటావు? ఆళ్ళ తండ్రులకి, మావలకి ఏటి సెప్తావు? సెప్పు, ఇప్పుడే అందరికీ సెప్పీమంటావేటి?"

ఆయనకు గోడ సంగతి అంతా అమ్మే చెప్పింది, అంబలి పోస్తూ. నేను ఎదురు చూడని వైపు నుంచి వచ్చిందది. గెలిస్తే పోతాను. ఓడితే షాపన్నా మిగులుతుంది. పెరట్లో అందరూ నా నోటి వైపు చూస్తున్నారు.

"పొరపాటు పడ్డాను ప్రెసిడెంటు గారూ. ఆ బొమ్మ నాది కాదు," అన్నాను.

అంతటితో వదిలిపెడితే ఆయన ఆయనెందుకవుతాడు? నల్ల బ్యాగులోంచి శాలువా తీశాడు. నాకు సన్మానం అని అమ్మతో చెప్పాడు కదా, మాట తప్పలేదు. "తప్పయిపోనాదని ఒప్పుకునీ గుణం అందరికీ ఉండదు" అంటూ సంఘం తరఫున నాకు కప్పాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఏ మాటకి కప్పారో మా అమ్మ వినలేదు, బూరెలు తేవడానికి లోపలికెళ్ళింది. బయటికొచ్చేసరికి కొడుకు భుజాల మీద శాలువా ఉంది. పళ్ళెం కింద పెట్టి ఏడ్చేసింది. ఆ శాలువా ఈ రోజుకీ ఆవిడ పెట్టెలో, కలరా ఉండల మధ్య ఉంది. చుట్టాలొస్తే తీసి చూపిస్తుంది. ఆ శాలువాతో నా నోరు కూడా కట్టేసి పోయాడాయన. ఆవిడ సంతోషాన్ని పాడుచెయ్యకుండా నేను నిజం చెప్పలేను.

ఆ తరవాత ఎస్.కోటలో కూడా ఆ డీవీడీ అమ్మాడు. నా షాపుకొచ్చిన ఆడపిల్లలు నా బొమ్మలు చూసి, "ఇవి అందరి దగ్గరా ఉన్నాయి గదండీ, కొత్తవి తెప్పించుకోండి" అనేవాళ్ళు. తెప్పించుకోమనడం! నేను మళ్ళీ చేశాను. పడవల అడుగున రంగులు తీశాను, రామతీర్థం కొండ రాయి తీశాను. అవీ బాగానే వచ్చాయి. కానీ ఒక్కటి తయారైనప్పుడల్లా షాపు తలుపు వైపు చూసేవాణ్ణి. ఆయన వచ్చేవాడు కూడా. అదే కుర్చీ, అదే దువ్వెన. "ఏటి బావా, కొత్తగా ఏటైనా ఏసినావా?" అని అడిగేవాడు, నా చెయ్యి పట్టుకుని. నేను "నేదు బావా" అనేవాణ్ణి. ఇంత పెద్ద నోరు పెట్టుకుని ఆయన ముందు నేను అన్న మాట అదొక్కటే, అన్నేళ్ళూ.

అమ్మ కబురు చెప్పిన మధ్యాహ్నమే ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు.

"విజయనగరం బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టాల బాబూ, సంఘం తరఫున. నువ్వయితే బాగా సేస్తావు. ఎనకాల ఆయన సొంత కలెక్షనుదే పెట్టు. ఆ ఆకుంటాదే, అది. దానికే గదా ఆయనకంత పేరొచ్చినాది."

వేరే ఎవరికైనా అప్పజెప్పమని అనబోయాను. అనలేదు. "తప్పకుండా సేస్తానండి," అన్నాను.

అంత శ్రద్ధగా నేను ఏ పెళ్ళికూతురి ఫోటో కూడా చెయ్యలేదు. ఏదో పెళ్ళిలో భోజనాల దగ్గర తీసిన ఫోటో పంపారు. ఆయన్ని ఆ విస్తరి ముందు నుంచి జాగ్రత్తగా కత్తిరించాను. కనుబొమలు దువ్వినట్టు సరిచేశాను. వెనకాల మా గోడ పెట్టాను. సున్నం, పాచి, పిడకలు, అన్నీ ఆయన వెనక్కి వచ్చేశాయి. ఇక చెయ్యి. దాన్ని అటూ ఇటూ జరిపి, కాస్త పెద్దది చేసి, కాస్త ముదురు చేసి, చివరికి ఆయన ఎడమ చెంప మీదికి తెచ్చాను. నీడ పడినట్టే ఉంటుంది. తెలియనివాళ్ళకి ఆకు. తెలిసినవాడికి అయిదు వేళ్ళూ లెక్కకి వస్తాయి.

"నాను సూడాల" అని అమ్మ పట్టుబట్టింది. బస్సెక్కించి తీసుకెళ్ళాను. ఆటోలూ, అరటిపళ్ళ బళ్ళూ దాటుకుని ఆ ఫ్లెక్సీ కిందకి వెళ్ళి తలెత్తి చూసింది.

"ఎంత కళగా ఉన్నాడో మారాజు! ఆ సెంప మీద ఏటిరా?"

"ఆకమ్మా. డిజైను."

"బాగున్నాది." చెంగు భుజాల చుట్టూ కప్పుకుని చేతులు జోడించింది. నేను ఊరికే నిలబడ్డానని మోచేత్తో పొడిచింది.

"దండం ఎట్టరా. మనకి మంచి సేసినోడు. మనసుపెట్టి ఎట్టు."

మనసుపెట్టే పెట్టాను. చిటికెన వేలు వంకరగా ఉన్న ఆ చేతికి.